నాలుగో మెట్టు

సిరిమాను సంబరానికి మా మేనత్త ఏటా విజయనగరం పుట్టింటికి వస్తుంది. మంగళవారం పైడితల్లమ్మ సిరిమాను, బుధవారం విశ్రాంతి, గురువారం మధ్యాహ్నం విశాఖపట్నం బస్సు. ఈ ఏడు ఆ బుధవారం విశ్రాంతి దక్కలేదు. తెల్లారి అయిదున్నరకి ముందుగదిలో వీణ మోత మొదలైంది. మోత అన్నది నేను కాదు, ఆవిడే.

వాయిస్తున్నది మా అమ్మ. ఆవిడకి అరవై ఆరు. ముప్పై ఆరేళ్ళు పోస్టాఫీసు కౌంటరులో కూర్చుని 2019లో రిటైరైంది. వీణ మాత్రం అమ్మది కాదు. అత్తయ్యకి పదకొండో ఏట తాతయ్య బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో చేయించి తెచ్చిన ఏకాండి వీణ అది. కుండా దండీ విడివిడిగా చేసి అతికించకుండా, ఒకే పనస దుంగలోంచి తొలిచిన రకం. అత్తయ్య దాని మీద వర్ణాల దాకా వచ్చి, పందొమ్మిదో ఏట పెళ్ళయి వెళ్ళిపోయింది. వీణ పాత దుప్పటి చుట్టుకుని అటకెక్కింది. కిందటేడు వచ్చినప్పుడు అది పూజగదిలో ఉండటం చూసింది కానీ, సరస్వతీ పూజకి దింపారనుకుంది. ఆ తర్వాత మళ్ళీ పైకి వెళ్ళలేదన్న సంగతి ఆవిడకి ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

అత్తయ్య ముందుగదిలోకి వచ్చేసరికి అమ్మ చాప మీద గోడకి ఆనుకుని ఉంది. పక్కన చిన్న గిన్నెలో కొబ్బరినూనె. స్వరాల పుస్తకంలో గుర్తుకి పెట్టుకున్నది బీపీ మాత్రల అట్ట. ఎడమచేతి చూపుడువేలికీ మధ్యవేలికీ కొసల్లో తీగ ఒరుసుకుని నల్లటి గాట్లు. నాన్న ఆ వేళకి అయోధ్య మైదానంలో నడుస్తున్నారు. ఆయన ముందుచూపున్న మనిషి. ఇంట్లో మిగిలింది నేను. కాఫీ కలిపి ఇచ్చి, గుమ్మంలో కూర్చుని విన్నది విన్నట్టు రాస్తున్నాను.

అత్తయ్య: ఎన్నాళ్ళయింది వదినా ఈ భాగోతం?

అమ్మ: పదకొండు నెలలు.

అత్తయ్య: ఎందాకా వచ్చావు?

అమ్మ: జంట వరసలు. రెండో కాలంలో పడుతూ లేస్తూ ఉన్నాను.

అత్తయ్య: పదకొండు నెలలకి జంట వరసలా! నాకు సరళీ వరసలూ జంట వరసలూ కలిపి నాలుగు నెలలు పట్టలేదు.

అమ్మ: నీకప్పుడు పదకొండేళ్ళు చిట్టీ. బాసింపట్టు వేసుకుని కూర్చుంటే మళ్ళీ లేవడానికి గోడ పట్టుకోనక్కర్లేదు.

అత్తయ్య: నేననేదీ అదే. దేనికైనా ఒక వయసుంటుంది. మొక్కై వంగనిది మానై వంగునా అని ఊరికే అన్నారా?

అమ్మ: పిల్లల్ని వీపు మీద నాలుగు వెయ్యడానికి పనికొచ్చే సామెత అది. మానుని అడిగి ఎవరు చెప్పారు?

అత్తయ్య: ఏ ఊళ్ళో ఉండి మాట్లాడుతున్నావో చూసుకో. 1919లో ఇక్కడ మ్యూజిక్ కాలేజీ పెట్టినప్పుడు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు విద్యార్థిగా చేరదామని వస్తే, ఆయన వాయించింది విని ఏకంగా వయొలిన్ మేష్టారుగా వేసుకున్నారు. అప్పటికాయనకి ఇరవై ఆరేళ్ళు. ఆదిభట్ల నారాయణదాసు గారు ప్రిన్సిపాలు. ఘంటసాల చదివింది అక్కడే, సుశీల చదివింది అక్కడే. అలాంటి ఊళ్ళో అరవై ఆరేళ్ళ మనిషి పొద్దున్నే లేచి సస రిరి గగ అంటుంటే గోడలు నవ్వవూ?

అమ్మ: నవ్వనీ. విద్వాంసులైనవాళ్ళు కాలేజీకి వెళ్ళారు, కానివాళ్ళం కూడా ఇదే ఊళ్ళో ఉన్నాం. కాలేజీ గేటు ముందు నుంచి ముప్పై ఆరేళ్ళు పోస్టాఫీసుకి నడిచాను. సాయంత్రం పూట లోపలినుంచి వినిపిస్తుంటే నాలుగడుగులు నెమ్మదిగా వేసేదాన్ని. అంతకంటే ఆగితే ఇంట్లో పొయ్యి ఆగిపోయేది.

అత్తయ్య: సరే, వాయించి ఎవరికి వినిపిస్తావు?

అమ్మ: ఎవరికీ కాదు.

అత్తయ్య: ఎవరూ వినని సంగీతం దేనికి? ఒక మాట చెప్తాను, కోపం తెచ్చుకోకు. సంగీతానికి ఇవాళ వాయించేవాళ్ళు తక్కువై కాదు బాధ, వినేవాళ్ళు తక్కువై. త్యాగరాజ ఆరాధనకి వెళ్ళి చూడు, వేదిక ఎక్కినవాళ్ళూ వాళ్ళ అమ్మానాన్నలూ పోగా కుర్చీల్లో మిగిలేది ఎంతమంది? నీకంత ప్రేముంటే విను. సామల సదాశివ గారు ఆదిలాబాదులో ఉండి ఏళ్ళ తరబడి హిందుస్తానీ విన్నారు. కచేరీలు చెయ్యలేదు. విన్నదాన్ని చక్కటి తెలుగులో రాశారు. ‘స్వరలయలు’కి 2011లో సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చేనాటికి ఆయనకి ఎనభై మూడు. తెల్లవారుజామున జంట వరసలతో చుట్టాల నిద్ర చెడగొట్టలేదు.

అమ్మ: ఎనభై దాటాక కూడా విని రాసిన మనిషిని నువ్వే సాక్ష్యానికి తెచ్చావు. నాకు పని తప్పింది. కానీ వినడం అంటావు చూడు, అది నాకు ఈ పదకొండు నెలల్లోనే వచ్చింది. ఇదివరకు రేడియోలో వీణ వస్తుంటే బీరకాయ చెక్కు తీసుకుంటూ వినేదాన్ని. బాగుందనుకునేదాన్ని, అంతే. ఇప్పుడు వాళ్ళు తీగ పక్కకి లాగి గమకం తీసినచోట నా వేలు నొప్పెడుతుంది.

అత్తయ్య దీనికి వెంటనే జవాబు చెప్పలేదు. కాఫీ గ్లాసు తిప్పుతూ కూర్చుంది. ఇక్కడ నేను అనవసరంగా దూరాను. రవీంద్రనాథ్ ఠాగూరు బొమ్మలు వెయ్యడం అరవై దాటాకనే మొదలుపెట్టారనీ, రాతప్రతుల్లో కొట్టివేతల్ని కలుపుతూ పోతే బొమ్మలయ్యాయనీ, 1930లో పారిస్‌లో మొదటి ప్రదర్శన పెట్టేనాటికి అరవై తొమ్మిదేళ్ళనీ, మొత్తం మీద రెండు వేల పైచిలుకు బొమ్మలు వేశారనీ చెప్పాను.

అత్తయ్య: ఠాగూరు ఠాగూరేరా. యాభై ఏళ్ళు కలం పట్టిన చెయ్యి కుంచె పట్టింది. మీ అమ్మ ముప్పై ఆరేళ్ళు స్టాంపు గుద్దింది. ఆ కొట్టివేతల్లో బొమ్మలు కనపడటానికి కూడా ఒక కన్నుండాలి. ముసలితనంలో ఏదో సాధించినవాళ్ళ కథలన్నీ ఇంతే. వెయ్యిమందిలో ఒకళ్ళని చూపించి మిగిలినవాళ్ళని సిగ్గుపడమంటాయి. కేరళలో ఆవిడెవరో తొంభై ఆరేళ్ళకి అక్షరాస్యత పరీక్ష రాసి నూటికి తొంభై ఎనిమిది తెచ్చుకుందని మొన్న ఎవరో ఫోన్లో పంపారు...

నేను: కార్త్యాయని అమ్మ. 2018లో.

అత్తయ్య: ఆవిడే. సంతోషం. ఆవిడని చూసి నేను కూడా ఏదో ఒకటి చేసి చూపించాలా ఇప్పుడు? తొంభై ఆరేళ్ళదాకా నాకు సెలవు లేదా?

ఆవిడని మెత్తబరుద్దామని ఇంకొక అస్త్రం వదిలాను. అమెరికాలో డాలస్ పరిశోధకులు అరవై నుంచి తొంభై ఏళ్ళ వాళ్ళని తీసుకుని, కొందరికి డిజిటల్ ఫొటోగ్రఫీ, కొందరికి బొంతలు కుట్టడం నేర్పారు. వారానికి పదిహేను గంటల లెక్కన మూడు నెలలు. కబుర్లతో కాలక్షేపం చేసిన వాళ్ళ కంటే వీళ్ళలో జ్ఞాపకశక్తి మెరుగైందని 2014లో అచ్చయింది. ఇది చెప్పాక వదినా ఆడపడుచులిద్దరూ ఏకమై నా మీద పడ్డారు.

అత్తయ్య: బొంతలా! బొంతలు కుడితే జ్ఞాపకశక్తి పెరిగేట్టయితే మా నాయనమ్మకి కనీసం నా పేరు గుర్తుండాలి.

అమ్మ: మీ నాయనమ్మకి బొంత కొత్త కాదుగా, పుట్టిన దగ్గర్నుంచీ కుట్టింది. కొత్తది నేర్చుకుంటేనే అని వాడంటున్నాడు. అది సరే కానీ, ఒరేయ్, నేను దీన్ని మందులాగా వాయించట్లేదు. పొద్దున్నే బీపీ మాత్ర, షుగరు మాత్ర, ఆ తర్వాత మెదడుకి వీణ. అలా చెప్తే నాకు రేపట్నుంచి ముట్టుకోబుద్ధి కాదు.

వాళ్ళకి కావలసిన రుజువు నా దగ్గర లేదని అర్థమై నోరు మూసుకున్నాను. అసలు ఇలాంటి రుజువులు చూపించాల్సి రావడమే చిత్రం. ఇరవై ఏళ్ళ కుర్రాడు గిటార్ కొనుక్కుంటే మెదడుకి మంచిదని ఎవరూ సర్టిఫికెట్ అడగరు.

అమ్మ: ఒకటి చెప్పు చిట్టీ. నాకు యాభై అయిదేళ్ళప్పుడు పోస్టాఫీసులో లెడ్జర్లు తీసేసి కంప్యూటర్లో ఫినకల్ పెట్టారు. అప్పటికి నేను మౌస్ ముట్టుకుని ఎరగను. వారం రోజుల ట్రైనింగు, ఆ తర్వాత కౌంటరు ముందు జనం. ఆర్‌డీ కట్టడానికి వచ్చినవాళ్ళు నా వేలు ఏ అక్షరం మీద పడుతుందా అని చూస్తుండేవాళ్ళు. రాత్రుళ్ళు కలలో స్క్రీన్ ఆగిపోయేది. అయినా నేర్చుకున్నాను. అప్పుడు నువ్వు గానీ మీ అన్నయ్య గానీ, పాపం పెద్దదైపోయింది, ఇంక దీనికి చేతకాదు అన్నారా?

అత్తయ్య: అది ఉద్యోగం. తప్పుతుందా?

అమ్మ: అదే. జీతం కోసమైతే యాభై అయిదుకి కూడా మాను వంగింది. నాకోసం అనేసరికి వయసు గుర్తొచ్చింది అందరికీ.

అత్తయ్య: నాకోసం, నాకోసం అంటున్నావు. సరే. నీకు పింఛనుంది, పొద్దున్న వంట అన్నయ్యకి అప్పజెప్పావు, కొడుకు కాఫీ కలుపుతున్నాడు. మనింటికి పాలు పోసే ఆవిడకీ నీ వయసే. ఆవిడని అడుగు, మీ హాబీ ఏమిటమ్మా అని. మొహం మీద నీళ్ళు కొడుతుంది.

అమ్మ: కొడుతుంది. దానికి నా దగ్గర జవాబు లేదు. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి గంగవ్వ పేరు చెప్పొచ్చు. కూలి చేసుకు బతికిన మనిషి, యాభై దాటాక కెమెరా ముందుకి వచ్చి నటన నేర్చింది.

అత్తయ్య: అందులో నాలుగు డబ్బులున్నాయి. అది బతుకుతెరువు. నీ మాటే నీకు తిరిగి చెప్తున్నాను, జీతం కోసమైతే మాను వంగుతుందని.

ఈ దెబ్బ అమ్మకి గట్టిగానే తగిలింది. నవ్వేసి ఊరుకుంది. అత్తయ్య అక్కడితో ఆగలేదు.

అత్తయ్య: ఇంకోటి కూడా చెప్తాను. నాకసలు ఒళ్ళు మండేది వీణ మీద కాదు. ముసలాళ్ళని ఊరికే కూర్చోనివ్వట్లేదు వదినా ఈ కాలం. మా ఫ్లాట్స్‌లో రిటైరైన వాళ్ళంతా ఒక గ్రూపు పెట్టారు. సోమవారం యోగా, మంగళవారం పెయింటింగు, బుధవారం కరావోకే. కరావోకే పాడనన్నానని, మేడమ్ మీరు డిప్రెషన్‌లో ఉన్నారేమో, ఒకసారి చూపించుకోండి అందొకావిడ. నేను బాల్కనీలో కూర్చుని వీధిలోకి చూస్తాను. ఎదురు గోడ మీద పిల్లి నడుస్తుంది. అది చూస్తాను. నలభై ఏళ్ళు అత్తింట్లో ఊరికే కూర్చున్న అరగంట లేదు నాకు. ఇప్పుడు దొరికింది. దాన్ని తీసుకెళ్ళి మళ్ళీ టైంటేబుల్లో పెట్టమంటారేమిటి?

అమ్మ: కూర్చో తల్లీ, హాయిగా కూర్చో. నిన్నెవరు లేవమన్నారు?

ఈ ఒక్క విషయంలో నేను అత్తయ్య పక్షం. పిల్లిని చూడ్డం కూడా ఒక పనే. అది చేతనైనవాళ్ళని కరావోకే గదిలోకి లాక్కుపోవడం దౌర్జన్యం.

అత్తయ్య: మరి నువ్వెందుకు కూర్చోలేకపోయావు?

అమ్మ: కూర్చున్నాను. రిటైరయ్యాక మూడేళ్ళు కూర్చున్నాను. బాగానే ఉండేది. తర్వాత ఒకటి గమనించాను. నాకెవరూ తప్పు చెప్పడం లేదు. పప్పులో ఉప్పు మరిచిపోతే మీ అన్నయ్య మాట్లాడకుండా వేసుకుంటున్నారు. నేను తేదీ తప్పు చెప్తే వీడు దిద్దకుండా ఊఁ కొడుతున్నాడు. కోడలు నేనేది చెప్పినా, అలాగే అత్తయ్యా అంటుంది, ఆపైన తను చెయ్యాల్సింది తను చేసుకుంటుంది. అందరూ మంచివాళ్ళే. పెద్దావిడని నొప్పించకూడదని. అంటే నేను తప్పు చేసినా ఒప్పు చేసినా ఇంక ఒకటేనన్నమాట, నా లెక్క కట్టేశారు. ఇప్పుడు వారానికి మూడు రోజులు ఇరవై నాలుగేళ్ళ పిల్ల ముందు కూర్చుంటాను. మ్యూజిక్ కాలేజీలో డిప్లొమా చేసింది. నాతోపాటు రెండో తరగతి, మూడో తరగతి పిల్లలు. ఆ అమ్మాయి మొహమాటం లేకుండా, కాదండీ, మళ్ళీ, అంటుంది. పదిసార్లు తప్పితే పదిసార్లూ మళ్ళీ అంటుంది. మొన్న పక్కన కూర్చున్న ఏడేళ్ళది, మామ్మగారూ, రెండో గకి ఒత్తు లేదు, అంది. నిజమే, లేదు. జంటలో రెండో స్వరానికి ఒత్తు పడాలి. ఇంటికొచ్చేదాకా నవ్వుకుంటూనే ఉన్నాను. ఎన్నాళ్ళయిందో నన్నెవరైనా అలా అని.

నేను కాఫీ గ్లాసులు తీసుకుని వంటింట్లోకి వెళ్ళాను. తేదీ సంగతి నిజమే. తిరిగి వచ్చేసరికి మాట వేరే దారి పట్టింది.

అమ్మ: ...నువ్వు వర్ణాల దాకా వచ్చినదానివి. ఎందుకు ఆపేశావు?

అత్తయ్య: నేను ఆపలేదు. ఆగింది. పెళ్ళిచూపుల్లో ఒక కీర్తన వాయించమన్నారు, వాయించాను. బాగుందన్నారు, కాఫీ తాగారు, ముహూర్తాలు పెట్టారు. ఆ తర్వాత ఎవరూ వాయించమనలేదు. రెండు గదుల క్వార్టర్సులో వీణెక్కడ పెడతావమ్మా, ఇక్కడే ఉండనీ అని నాన్నే అన్నాడు. అప్పుడు తెలిసింది, ఎనిమిదేళ్ళు నాకు నేర్పించింది ఆ ఒక్క సాయంత్రం కోసమని. పరీక్ష పాసయ్యాను. పుస్తకాలు అటకెక్కించారు.

అమ్మ: అందుకేనేమో, నువ్వు ఎందాకా వచ్చావు అని అడిగావు ముందుగా.

అత్తయ్య: ఇంకేం అడుగుతారు?

అమ్మ: నన్ను ఏ సాయంత్రానికీ ఎవరూ చూడ్డానికి రారు చిట్టీ. అలంకారాలు పూర్తవకపోయినా నష్టం లేదు. పిళ్ళారి గీతాలు నాలుగూ వస్తే పండగే. అంతలో ఎటైనా పోతే జంట వరసల దగ్గర పోయానని చెప్పుకోండి.

అత్తయ్య: అశుభం మాట్లాడకు పొద్దున్నే.

కాసేపు ఇద్దరూ మాట్లాడలేదు. అమ్మ వేళ్ళకి నూనె రాసుకుని మళ్ళీ మొదలుపెట్టింది. సస రిరి గగ దగ్గర మొహం చిట్లించి ఆపేసింది.

అమ్మ: ఇదొకటి అర్థం కాదు నాకు. అక్కడ ఆ అమ్మాయి వీణ మీద గ నిక్షేపంలా పలుకుతుంది. ఇంటికొచ్చి దీని మీద వాయిస్తే నాకే చేదుగా ఉంటుంది. వేలు ముందుకి జరిపాను, వెనక్కి జరిపాను. చెవి కూడా పోతోందేమో. వయసు కదా.

అత్తయ్య: ఏదీ, మీటు.

అమ్మ మీటింది. అత్తయ్య కుర్చీలోంచి లేవకుండానే తల పక్కకి వంచి విన్నది.

అత్తయ్య: ఒట్టి సారణి మీటు. ఊఁ. ఇప్పుడు ఒకటో మెట్టు. ఊఁ. నాలుగు. మళ్ళీ నాలుగు. అయిదు.

ఆ తర్వాత లేచి వచ్చి, మోకాళ్ళు పట్టుకుంటూ చాప మీద కూర్చుంది. వీణ ఒళ్ళోకి తీసుకోలేదు. వంగి నాలుగో మెట్టుని బొటనవేలితో అటూ ఇటూ కదిపి చూసింది. మెట్టు కదిలింది. దాని కింద నల్లటి మైనంలో వెంట్రుకవాసి బీట.

అత్తయ్య: నలభై ఏళ్ళు అటక మీద ఎండలకి ఉడికి, చలికి బిగుసుకుని మైనం చచ్చిపోయింది. మెట్టు ఒరిగింది. పదకొండోది కూడా ఒరిగినట్టే ఉంది, ని కూడా నీకు పలికి ఉండదు. తీగలు కొత్తవి వేయించావు కానీ, మెట్లు చూపించాలని తోచలేదా? నీ చెవికేం రోగం! చెవి బాగుంది కనకనే చేదుగా వినపడింది.

అమ్మ: మరి పదకొండు నెలల నుంచీ నా తప్పనుకుంటున్నానే!

అత్తయ్య: తప్పులు నీవీ ఉన్నాయి. ఆ ఒత్తు సంగతి ఆ పిల్ల చెప్పింది నిజమే. కుడిచెయ్యి మణికట్టు అలా బిగబట్టకు. తాళం తీగల మీద చిటికెనవేలు పడటమే లేదు.

గురువారం బస్సుకి అత్తయ్య వెళ్ళిపోయింది. వీణ ముట్టుకుని ఒక్క స్వరం కూడా వాయించలేదు. అమ్మా అడగలేదు. మర్నాడు నేను కారులో వీణ పడుకోబెట్టుకుని గొల్లపల్లి వెళ్ళాను. అక్కడి ఇళ్ళ ముందు సన్మానాల్లో ఇచ్చే బుల్లి వీణలు వరసగా ఆరబెట్టి ఉన్నాయి. పెద్ద వీణలు ఒకటీ అరా. పని చేసే పెద్దాయన మా వీణ కుండ మీద వేళ్ళతో తట్టి, చెక్క బాగుందన్నాడు. ఇరవై నాలుగు మెట్లూ ఊడదీసి కొత్త మైనంలో కూర్చోబెట్టాలట. కార్తీకం వెళ్ళేలోపు ఇస్తానన్నాడు.

ఖర్చులో సగం అత్తయ్య పంపింది. అరవై దాటాక ఈ వరసలన్నీ దండగన్న మాట మీద ఆవిడ ఇంకా అలాగే ఉంది. వీణ మాత్రం తనదేనని, ఆ సంగతి వదినకి గుర్తుచెయ్యమని ఫోన్లో నాకు రెండుసార్లు చెప్పింది.